గట్టు ఎక్కడుంది? లోతైన ఉప్పునీటి పొరలో ఒత్తిడి లెక్క: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విజయనగరంలో మా మేడ మీది గదిలో రెండు మానిటర్లు, ఒక పాత వర్క్‌స్టేషన్, ఒక ఇన్వర్టర్ పెట్టుకుని పనిచేస్తాను. అంతకుముందు పదిహేనేళ్లు నా బతుకంతా బోర్ల చుట్టూనే తిరిగింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాగునీటి పథకాలకు పాయింట్లు పెట్టడం, పంపింగ్ టెస్టులు (ఆగకుండా తోడి నీటిమట్టం ఎలా దిగుతుందో చూడడం) చేయించడం, రిపోర్టు మీద సంతకం పెట్టడం. తర్వాత భూగర్భజలాల మోడలింగ్‌లోకి, అక్కడి నుంచి చమురు బావుల వాళ్లు వాడే లోతు పొరల మోడలింగ్‌లోకి వచ్చాను. ఈ కేసు ఈ రెండో పనిలోది: కార్బన్ డయాక్సైడ్ వాయువును గాల్లోకి పోనివ్వకుండా లోతు పొరలోకి దించి దాచితే అక్కడ ఒత్తిడి ఎంత పెరుగుతుందన్న లెక్క. ముడి వీడింది మాత్రం మొదటి పనిలో తిన్న దెబ్బ వల్ల.

ఈ పని సంగతి తెలిసిన మా వీధి టీ కొట్టాయన ఒకరోజు, "సార్, మన ఊరి కిందే గ్యాసు పెడతారటగా?" అని అడిగాడు. పెట్టరు, పెట్టలేరు కూడా. మన కింద ఉన్నది ఖోండలైటు, చార్నకైటు, నైసు. తూర్పు కనుమల గట్టిరాయి. దానిలో నీళ్లుండేది పైన మాగిపోయిన పొరలోనూ, కింద పగుళ్లలోనూ. కార్బన్ డయాక్సైడ్ దాచాలంటే రంధ్రాలున్న ఇసుకరాయి కావాలి, దాని మీద మూతలాగా మట్టిరాయి కావాలి, అదీ సుమారు 800 మీటర్లకు దిగువన ఉండాలి. 31 డిగ్రీల వేడి, 74 బార్ల ఒత్తిడి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) దాటితే ఆ వాయువు ద్రవంలాగా చిక్కబడుతుంది, తక్కువ చోటులో పడుతుంది. ఆ రెండూ కలిసొచ్చేది సాధారణంగా ఆ లోతులో. కాబట్టి ఈ కేసులోని పొర మరో చోట, ఒక సెడిమెంటరీ బేసిన్‌లో (ఇసుక, మట్టి పొరలు పొరలుగా పేరుకుని రాయి అయిన పల్లంలో) ఉంది. ఎక్కడో, ఎవరిదో చెప్పను. అంకెలు గుండ్రం చేశాను. వాటి మధ్య నిష్పత్తి మాత్రం చెడనివ్వలేదు.

వచ్చిన సమస్య

ఏటా 10 లక్షల టన్నుల గ్యాసు, 20 ఏళ్ల పాటు ఒకే చోట దించాలన్నది ప్రణాళిక. పొర 1,600 మీటర్ల లోతున, 40 మీటర్ల మందాన ఉంది. రాతిలో నూటికి 20 పాళ్లు ఖాళీ, ఆ ఖాళీ నిండా ఉప్పునీరు. బావికి 8 కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద ఫాల్ట్ (రాతి పొరలు విరిగి జరిగిన చోటు) ఉంది. మాకంటే ముందు పనిచేసిన బృందం రిపోర్టు ఇచ్చేసింది: 20 ఏళ్ల తర్వాత గ్యాసు రెండు మూడు కిలోమీటర్లు కూడా దాటదు, ఫాల్ట్ దగ్గర ఒత్తిడి పెరిగేది 7 బార్లే. మమ్మల్ని పిలిచింది రెండో అభిప్రాయం కోసం. పిలిచినాయన మాటతీరు చూస్తే అభిప్రాయం కంటే సంతకమే ముఖ్యమని అర్థమైంది.

రిపోర్టులో బొమ్మలు చాలా బాగున్నాయి. అన్నీ గ్యాసు బొమ్మలే. ఎర్రటి గొడుగులాగా మూతరాయి కింద పరుచుకున్న ప్లూమ్, అంటే గ్యాసు వ్యాపించిన మేర. ఒత్తిడి గురించి రెండు పేజీలు. నాకు మొదట తట్టిన అనుమానం అక్కడే. గ్యాసు తాను కదలాలంటే ముందున్న నీటిని తోయాలి, ఆ నీరు దాని ముందున్న నీటిని తోయాలి. గ్యాసు కిలోమీటరు నడిచేలోపు ఆ తోపు పదుల కిలోమీటర్లు వెళ్లిపోతుంది. గ్యాసు ఎక్కడుందో అన్నది ఒక ప్రశ్న, దాని బరువు ఎవరి మీద పడుతోందన్నది వేరే ప్రశ్న.

ఫైలు తెరవకముందే నోటుపుస్తకంలో ఒక లెక్క వేశాను. ఆ లోతులో గ్యాసు సాంద్రత ఘనమీటరుకు సుమారు 550 కిలోలు. 2 కోట్ల టన్నులంటే 3.6 కోట్ల ఘనమీటర్ల చోటు కావాలి. ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? లోతు పొరలో ఖాళీ జాగా ఏమీ ఉండదు, అంతా నీరే. నీరు కాస్త నొక్కుకోవాలి, రాతిలోని రంధ్రాలు కాస్త వ్యాకోచించాలి. అదెంతంటే, వెయ్యి లీటర్ల ఖాళీలో ఒత్తిడి ఒక బార్ పెరిగితే అదనంగా పట్టేది 100 మిల్లీలీటర్లు. ఒక టీ గ్లాసుడు. 7 బార్లకు ఏడు టీ గ్లాసులు. ఈ లెక్కన 3.6 కోట్ల ఘనమీటర్లు సర్దడానికి 5,000 కోట్ల ఘనమీటర్లకు పైగా రంధ్రాల జాగా కావాలి. వాళ్ల గ్రిడ్, అంటే లెక్క కోసం గళ్లుగా విడగొట్టిన ప్రాంతం, 30 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు. దానిలో ఉన్నది 720 కోట్లు. మిగతా చోటు ఎక్కడిది?

నాతో పనిచేసే కుర్రాడు ఫైలు తెరిచి పది నిమిషాల్లో చెప్పాడు. "సార్, అంచు గళ్లన్నిటికీ రంధ్రాల జాగా వెయ్యి రెట్లు వేశారు."

ఇది దొంగలెక్క కాదు, ఆ మాట చెప్పాలి. పొర గ్రిడ్ దాటి కొనసాగుతోందని చెప్పడానికి అందరూ వాడే పద్ధతే. నేనూ వాడాను. అయితే ఇక్కడ పొర కొనసాగుతోందని ఎవరూ చూడలేదు. రిపోర్టులో ఆ వెయ్యి గురించి ఒక్క వాక్యం కూడా లేదు. 7 అనే జవాబు భూమి చెప్పింది కాదు, ఆ వెయ్యి చెప్పింది.

మొదటి ప్రయత్నం: గట్టు వేసి చూడడం

అంచులు మూసేసి అదే మోడల్ నడిపాం. 20 ఏళ్లకు పొర అంతటా సగటున 50 బార్లు. రాయి అదే, గ్యాసు అదే, బావి అదే. అంచు మారిస్తే 7 కాస్తా 50 అయింది.

నాకు ఆ సాయంత్రమే మెయిల్ కొట్టేయాలనిపించింది. అవతలివాడి తప్పు పట్టుకున్న సంతోషం అలాంటిది. రాత్రి ఆలోచిస్తే ఆగాల్సి వచ్చింది. చెరువుకు గట్టే లేదనుకోవడం ఎంత తప్పో, నాలుగు వైపులా గట్టు ఉందనుకోవడం కూడా అంతే తప్పు. వాళ్లది చూడకుండా తెరిచిన అంచు, నాది చూడకుండా మూసిన అంచు. 2010లో ఇద్దరు పెట్రోలియం ఇంజినీర్లు ఇలా మూసిన పొర లెక్క వేసి, భూగర్భ నిల్వే ఆచరణలో కుదరదన్నారు. ఆ మూసివేతే నిజం కాదని ఈ రంగంలో చాలామంది తిప్పికొట్టారు. ఆ వాదన నేను మళ్లీ మొదలుపెట్టి ఏం లాభం?

క్లయింటు వైపువాళ్లు ఫోన్‌లో స్లెయిప్నర్ పేరెత్తారు. 1996 నుంచి నార్వే సముద్రగర్భంలోని ఉట్సిరా ఇసుకలో చాలా ఏళ్ల పాటు ఏటా సుమారు 10 లక్షల టన్నులు దించారు, ఒత్తిడి పెద్దగా పెరగలేదు. నిజమే. ఉట్సిరా అంత విశాలమైన, వదులైన ఇసుక ఎక్కడో గాని దొరకదు. అదే నార్వేలో స్నోవిట్ ఉంది. 2008లో తుబాయెన్ అనే పొరలో మొదలుపెట్టారు. ఒత్తిడి అనుకున్నదానికంటే వేగంగా పెరిగింది. 2011లో ఆ పొర వదిలి పైనున్న స్టో పొరకు మారాల్సి వచ్చింది. రెండు పేర్లూ ఒకే వాక్యంలో చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

రెండో ప్రయత్నం: నా తప్పు

గట్టు ఎక్కడుందో తెలియకపోతే, గట్టు అక్కర్లేనంత పెద్ద మోడల్ కట్టాలి. బావి దగ్గర చిన్న గళ్లు, దూరం పోయేకొద్దీ పెద్ద గళ్లు, మొత్తం 120 కిలోమీటర్లు. ఫాల్ట్ ప్రస్తుతానికి తెరిచే ఉంచాం. సిరిమాను జాతర వారం అది. ఊరంతా జనం, చుట్టాలతో ఇల్లంతా సందడి, పైన మేడ గదిలో మోడల్ నడుస్తోంది. కరెంటు రెండుసార్లు పోయింది, ఇన్వర్టర్ కాపాడింది.

జవాబు వచ్చింది: ఫాల్ట్ దగ్గర 6 బార్లు. పాత రిపోర్టు 7, మనది 6. ఊపిరి పీల్చుకున్నాను. ఇంత గొడవ చేసింది ఊరికేనా అని కాస్త సిగ్గు కూడా పడ్డాను.

కుర్రాడికి నేను పెట్టిన నియమం ఒకటుంది. ఏ మోడల్ జవాబైనా చేతిలెక్కతో సరిచూడనిదే బయటికి పోకూడదు. వాడు 1935 నాటి థీస్ సమీకరణం తీశాడు. బోర్ల పంపింగ్ టెస్టుకు మేం రోజూ వాడేది అదే. తోడడం, దించడం ఒకే లెక్క, గుర్తు మాత్రం తిరగబడుతుంది. అంచుల్లేని పొరలో, 8 కిలోమీటర్ల దగ్గర, 20 ఏళ్లకు వాడికి వచ్చింది 18 బార్లు. "సార్, మూడో వంతే చూపిస్తోంది మోడల్."

పూర్తిగా ఒక రోజు వెతికాం. తప్పు నాదే. రాయి, నీరు కలిసి ఎంత నొక్కుకుంటాయన్న అంకెను నా పాత భూగర్భజల ఫైల్లోంచి తెచ్చి అతికించాను. అది పైపైని వదులు ఒండ్రు మట్టికి వాడినది, ఈ రాయికి కావాల్సినదానికంటే పది రెట్లు ఎక్కువ. అది సరిచేస్తే 18 వచ్చింది.

బోర్ల లోకం నుంచి వచ్చినవాళ్లు ఈ గోతిలో పడడం తేలిక. నాగావళి ఇసుకలో నీటిమట్టం మీటరు పెరిగితే ఇసుక నూటికి 15, 20 పాళ్లు నీరు పుచ్చుకుంటుంది, ఎందుకంటే పైన గాలి నిండిన ఖాళీ ఉంది. లోతు పొరలో ఆ ఖాళీ లేదు. అదే ఒక మీటరు పెరుగుదలకు ఈ 40 మీటర్ల పొర పుచ్చుకునేది అందులో వెయ్యో వంతు కంటే తక్కువ. మన చేతికి అలవాటైన అంకెలన్నీ అక్కడ ఉదారంగా కనిపిస్తాయి. ఇక 6, 7 కలిశాయన్నది నన్ను ఇంకా భయపెట్టింది. రెండు వేర్వేరు తప్పులు పక్కపక్కన కూర్చుని ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయి.

మూడో ప్రయత్నం: మూడు రోజుల టెస్టు

ఇప్పుడు ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఫాల్ట్ కారుతుందా, మూసుకుని ఉందా? కారితే అక్కడ 18 బార్లు. మూసుకుంటే అది అద్దంలాగా పనిచేస్తుంది. అవతలి వైపు ఇంకో బావి నుంచి మనవైపు తోస్తున్నట్టే లెక్క, కాబట్టి ఫాల్ట్ దగ్గర సరిగ్గా రెట్టింపు, 36. ఆ ఫాల్ట్ కదలకుండా ఉండాలంటే పెరుగుదల 30 బార్లు మించకూడదని రాతి బలం లెక్కలు చూసే సహచరుడు చెప్పాడు. 1967లో కొయనా భూకంపం 6.3 తీవ్రతతో వచ్చింది. రిజర్వాయర్ నీటి వల్ల రాతి పగుళ్లలో పెరిగిన ఒత్తిడిని దాని కారణాల్లో చెబుతారు. అందుకే ఈ 30ని బేరమాడే అంకెగా నేను చూడలేదు.

క్లయింటు దగ్గర ఒక ఫాల్-ఆఫ్ టెస్టు ఉంది. బావిలోకి నీరు ఎక్కించి, ఆపేసి, ఒత్తిడి ఎలా తగ్గుతోందో మూడు రోజులు నమోదు చేశారు. కాలాన్ని లాగ్ స్కేలులో (ప్రతి పది రెట్లకూ ఒకే దూరం వచ్చేలా) పెట్టి గీస్తే చక్కటి సరళరేఖ. దగ్గరలో అడ్డుగోడ ఉంటే ఆ రేఖ ఒకచోట విరిగి వాలు రెట్టింపవ్వాలి. విరగలేదు. "చూశారా, అడ్డేమీ లేదు" అన్నారు.

ఆ గీత చూడగానే నాకు పాతపట్నం వైపు కొండ కింది ఊరు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల క్రితం మాట, జనవరి నెల. బోరు మంచి ధార ఇచ్చింది. పంపింగ్ టెస్టు మొదలుపెట్టాం, గంటన్నర నడిచింది, గీత సూటిగా వచ్చింది. డీజిలు అయిపోవచ్చింది, ఆపేద్దామన్నాను. బోరు వేసిన పెద్దాయన అప్పుడే అన్నాడు: "ఇంకాసేపు తోడండి బాబూ. ఈ నీరు రాయిది కాదు, సందుది. సందు ఎంత పొడుగో అంతే ఉంటాది." నేను వినలేదు. ఊరందరికీ సరిపోతుందని రాసి సంతకం పెట్టాను. ఏప్రిల్ రెండో వారానికి మోటారు గాలి పీల్చింది. ఊళ్లోకి వెళితే ఒకావిడ బిందె పట్టుకుని నిలబడి, "నువ్వే కదా బాబూ నీళ్లొస్తాయని రాసిచ్చావు" అంది. మళ్లీ టెస్టు చేసి ఈసారి ఎనిమిది గంటలు తోడాం. రెండో గంట దాటాక గీత విరిగింది. తర్వాత ఇంకోసారి విరిగింది. సందుకు రెండు పక్కలా గట్టిరాయే.

ఆ ఊళ్లో నేను గంటన్నరలో చూడగలిగినంతే చూసి, చూడనిది లేదని రాశాను. ఇక్కడ జరుగుతున్నదీ అదే. ఈ పొరలో ఒత్తిడి ఎంత దూరం పాకుతుందో లెక్క కట్టాం: మూడు రోజుల్లో కిలోమీటరు. ఏడాదికి 11 కిలోమీటర్లు, 20 ఏళ్లకు 50. దూరం ఎనిమిదింతలైతే పట్టే కాలం అరవై నాలుగింతలు. 8 కిలోమీటర్ల దూరపు ఫాల్ట్‌ను చూడాలంటే టెస్టు ఆరు నెలలు నడవాలి. మూడు రోజుల గీత అబద్ధం చెప్పలేదు. కిలోమీటరు లోపల అడ్డు లేదని మాత్రమే చెప్పింది.

ఆరు నెలల టెస్టుకు క్లయింటు ఒప్పుకోలేదు. ఖర్చు చూస్తే ఒప్పుకోమని నేనూ గట్టిగా అడగలేకపోయాను.

పనికొచ్చినది

దారి చూపింది పాత కాగితాల్లో నిర్లక్ష్యంగా పడి ఉన్న ఒక వాక్యం. బావి తవ్విన రోజు ఈ పొరలో కొలిచిన ఒత్తిడి, ఆ లోతుకు ఉండాల్సినదానికంటే 6 బార్లు తక్కువ. పాత రిపోర్టు దాన్ని "కొలత దోషం లేదా ఉప్పు తేడా" అని దాటేసింది.

నాకు ఆసక్తి కలిగించినది ఫాల్ట్ అవతల ఇరవై చిల్లర కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పాత సహజవాయువు క్షేత్రం. అదే పొర నుంచి సుమారు 30 ఏళ్లు తోడారు. అక్కడ ఒత్తిడి బాగా పడిపోయింది. ఫాల్ట్ కారుతుంటే ఆ లోటు మన బావి దాకా పాకి ఉండాలి. మేం చేయలేకపోయిన ఆరు నెలల టెస్టును వాళ్లు తెలియకుండానే 30 ఏళ్లు చేసి పెట్టారేమో!

ఆ 6 నిజమైనదో కాదో తేల్చడానికి ఎక్కువ రోజులు పట్టాయి. కొలత దోషం అనడానికి లేదు, ఒకే బావిలో దించిన రెండు గేజీలు దగ్గర దగ్గరగా ఒకే అంకె చూపించాయి. ఉప్పు తేడా అన్నదే చిక్కు. నీరు అనుకున్నంత ఉప్పగా లేకపోతే తేలికగా ఉంటుంది, ఒత్తిడి కూడా మామూలుగానే తక్కువ చూపిస్తుంది. దీనికి జవాబు అదే బావిలో దొరికింది. ఈ పొరకు 200 మీటర్ల పైన ఇంకో ఇసుక పొర ఉంది, దాని ఒత్తిడి మామూలు గీత మీదే ఉంది. అంటే అక్కడిదాకా నీటి బరువు లెక్క సరైనదే. తేడా ఏదైనా ఉంటే కింది 200 మీటర్లలోనే రావాలి. ఆ 200 మీటర్ల నీటి సాంద్రత నూటికి 4 పాళ్లు మారినా ఒత్తిడి మారేది ఒక బార్ కూడా కాదు. 6 బార్లు ఉప్పు నుంచి రావు. తోడితేనే వస్తాయి.

కాబట్టి ఫాల్ట్ కారుతోంది. ఎంత? పెద్ద మోడల్లో గ్యాసు క్షేత్రపు 30 ఏళ్ల ఉత్పత్తిని పెట్టి నడిపాం. ఫాల్ట్ పూర్తిగా తెరిస్తే మన బావిలో 14 బార్లు పడాలి. పూర్తిగా మూస్తే దాదాపు ఏమీ పడకూడదు. కొలిచింది 6. సగం మూసిన తలుపు లాంటిదన్నమాట. పాత ఉత్పత్తి రికార్డుల్లో నీటి లెక్క సరిగా లేదు, అందుకని ఒకే విలువకు అతుక్కోకుండా సరిపోయే విలువలన్నీ ఉంచుకున్నాం. వాటితో భవిష్యత్తు నడిపితే ఫాల్ట్ దగ్గర 22 నుంచి 29 బార్లు.

హద్దు 30. లెక్క 29 దాకా పోతోంది. క్లయింటు "పాసైనట్టే కదా" అన్నారు. నేను కాదన్నాను. ఒకటి, ఆ ఫాల్ట్ ఇన్నేళ్లూ లాగుడు మాత్రమే చూసింది, తోపు చూడలేదు. రెండు, హద్దుకు ఒక్క బార్ దూరంలో నిలబెట్టే ధైర్యం ఆ ఉత్పత్తి రికార్డులు నాకు ఇవ్వలేదు.

వాళ్లు ఒక్క అంకె ఇమ్మన్నారు. ఇవ్వలేదు. బదులుగా ఇచ్చింది ఇది. మొదటి మూడేళ్లు ఏటా 7 లక్షల టన్నులే దించాలి. ఆ వేగంతోనే 20 ఏళ్లు సాగినా పెరుగుదల 20 బార్లకు అటూ ఇటూ ఆగుతుంది. ఫాల్ట్‌కు 2 కిలోమీటర్లు ఇవతల ఒత్తిడి చూసే బావి ఒకటి తవ్వాలి. మూడో ఏటికి ఆ బావిలో పెరుగుదల 8 బార్ల దగ్గర ఉంటే ఫాల్ట్ బాగా కారుతున్నట్టు, 10 లక్షలకు పెంచుకోవచ్చు. 12 వైపు పోతుంటే అది మూసుకున్నట్టు, ఉన్నచోటే ఆగాలి.

ఉప్పునీరు తోడేసి ఒత్తిడి తగ్గిద్దామన్న మాట కూడా వచ్చింది. ఏటా 10 లక్షల టన్నులకు సరిసమానంగా తోడాలంటే రోజుకు 5,000 ఘనమీటర్లు. మన ఊళ్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు వెయ్యి. ఆ ఉప్పునీరు పోసేదెక్కడ? ఆస్ట్రేలియాలో గోర్గన్ దగ్గర ఇలా తోడిన నీటితో పాటు వచ్చిన ఇసుక చాలా ఇబ్బంది పెట్టింది. ఉప్పునీరు తోడే బావికి డిజైను ఇచ్చి ఊరుకున్నాం, తవ్వమని చెప్పలేదు.

తర్వాత మా దగ్గర మారినవి

మా రిపోర్టుల్లో ఇప్పుడు మొదటి పేజీలోనే గ్రిడ్ అంచుకు ఏం పెట్టామో, ఎందుకు పెట్టామో రాస్తున్నాం. అంచును మార్చి నడిపిన రెండు జవాబులూ దాని పక్కనే ఉంటాయి. ఎవరైనా టెస్టు గీత చూపిస్తే అది ఎంత దూరం చూడగలదో ముందు లెక్క కట్టి, ఆ దూరంతో మ్యాపు మీద వృత్తం గీస్తాం. వృత్తం బయట ఉన్నదాని గురించి ఆ టెస్టును సాక్ష్యంగా తీసుకోం. పాత ఫైలు నుంచి అంకె కాపీ చేసుకునే అలవాటు నాకు ఇంకా పూర్తిగా పోలేదు, కుర్రాడు కాపలా కాస్తున్నాడు. పక్క క్షేత్రాల పాత ఉత్పత్తి రికార్డులు ఇప్పుడు కాంట్రాక్టులోనే అడుగుతున్నాం. ఈ కేసులో వాటిని సంపాదించడానికే నాలుగు నెలలు పట్టింది.

క్లయింటు 7 లక్షల టన్నులకు ఒప్పుకున్నారు. ఒత్తిడి చూసే బావిని మాత్రం "రెండో దశ"లోకి తోశారు. అది లేకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టేటట్టయితే రిపోర్టు నుంచి నా పేరు తీసేయమని మెయిల్ రాశాను. అది రాసి ఐదు వారాలైంది. ఇంకా జవాబు రాలేదు.